ఫోల్డర్‌ని మొత్తంగా డిలీట్ చేసే కోడ్ రాసేముందు

పోయిన నెల మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు రివ్యూకి ఒక ఫంక్షన్ పంపాడు. సీ భాషలో పాతిక లైన్లు. డైరెక్టరీ తెరవడం, లోపలున్న ఒక్కొక్క పేరూ చూడటం, ఫైలైతే తీసేయడం, డైరెక్టరీ అయితే తనను తానే మళ్లీ పిలుచుకోవడం, చివర్లో ఖాళీ అయిన డైరెక్టరీని తొలగించడం. రికర్షన్ పాఠం చివర ఇచ్చే అభ్యాసంలా ముచ్చటగా ఉంది. దాని కింద పదకొండు కామెంట్లు పెట్టాను. సాయంత్రం టీ టైమ్‌లో నా సీటు దగ్గరికొచ్చి, "అక్కా, డిలీట్ చేయడానికి ఇంత రాద్ధాంతమా?" అని అడిగాడు. అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఫంక్షన్ల పేర్లు, ఫ్లాగుల పేర్లు అన్నీ తెలుగులోనే రాశాను, మాన్యువల్ పేజీలో చూడగానే మీరు గుర్తుపడతారు.

ముందు నా సొంత తప్పు చెప్తాను. అది తెలియకపోతే మిగతాదంతా చాదస్తంలా కనిపిస్తుంది.

అప్పట్లో నేను పనిచేసిన చోట లినక్స్ ప్యాకేజీలు బిల్డ్ చేసే సర్వర్ ఒకటి ఉండేది. ప్రతి బిల్డ్‌కీ ఒక చిన్న క్రూట్ (ఒక డైరెక్టరీనే మొత్తం సిస్టమ్‌లా చూపించే ఏర్పాటు) తయారుచేసి, అందులో కంపైల్ చేసి, పని అయ్యాక ఆ డైరెక్టరీ మొత్తం చెరిపేసేవాళ్లం. ఆ చెరిపే కోడ్ నాదే. కంపైలర్ క్యాష్ కోసం డెవలపర్ల హోమ్ డైరెక్టరీలను క్రూట్ లోపలికి బైండ్ మౌంట్ చేసే (అంటే అవే డైరెక్టరీలు అక్కడ కూడా కనిపించేలా తగిలించే) లైన్ కూడా నేనే కలిపాను. బిల్డ్ సజావుగా ముగిస్తే ముందు అన్‌మౌంట్, తర్వాత డిలీట్. ఒక శుక్రవారం బిల్డ్ మధ్యలో ఫెయిలైంది. ఫెయిలైన దారిలో అన్‌మౌంట్ స్టెప్ లేదు, క్లీనప్ మాత్రం ఉంది. పక్క సీటులో ఉన్నాయన "నా హోమ్‌లో ఏమీ లేవేంటి?" అన్నప్పుడు కూడా నాకు వెలగలేదు. రెండో మనిషి అదే మాట అన్నాక కడుపులో తిప్పింది. ముందురోజు రాత్రి బ్యాకప్ ఉండబట్టి ఒక రోజు పనితో పోయింది.

ఇందులో నన్ను ఇప్పటికీ కుదిపేది వేరే ఉంది. నా కోడ్‌లో జాగ్రత్త లేదని కాదు. వేరే ఫైల్ సిస్టమ్‌లోకి దిగకూడదని ప్రతి డైరెక్టరీకీ ఎస్‌టీ_డెవ్ (అది ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో చెప్పే డివైస్ నంబరు) చూసేదాన్ని. డివైస్ నంబరు మారితే ఆగిపోవాలి. కానీ హోమ్ డైరెక్టరీలు, క్రూట్ రెండూ ఒకే డిస్క్ పార్టిషన్‌లో ఉన్నాయి. ఒకే ఫైల్ సిస్టమ్‌లోని డైరెక్టరీని ఇంకోచోట బైండ్ మౌంట్ చేస్తే డివైస్ నంబరు మారదు. నా కాపలాదారు గేటు దగ్గర నిలబడే ఉన్నాడు, దొంగ మాత్రం ఇంట్లోవాడిలాగే కనిపించాడు.

సరే, పనిలోకి వద్దాం.

పేరు వేరు, వస్తువు వేరు

మన ఊళ్లలో ఇంటి నంబర్ల సంగతి తెలిసిందే. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు, పక్కన బై నంబరు. జేసీబీ డ్రైవర్‌కి చీటీ మీద డోర్ నంబరు రాసిచ్చి "ఈ ఇల్లు కూల్చు" అన్నారనుకోండి. అతను ఒకసారి వచ్చి ఇల్లు చూసుకుని, జేసీబీ తేవడానికి వెళ్లాడు. ఈలోగా ఎవరో నంబరు పలక విప్పి పక్కింటికి తగిలించారు. తిరిగొచ్చిన డ్రైవర్ చీటీ ప్రకారమే పని చేస్తాడు. అతని తప్పేమీ లేదు, పక్కింటివాళ్లకి ఇల్లూ లేదు.

ఫైల్ పాత్ అంటే ఆ చీటీయే. మామూలు కోడ్ ఏం చేస్తుంది? ఎల్‌స్టాట్‌తో "ఇది నిజం డైరెక్టరీయా, సిమ్‌లింకా?" అని అడుగుతుంది. (సిమ్‌లింక్ అంటే ఇంకో పాత్ వైపు చూపే పేరు మాత్రమే.) "డైరెక్టరీయే" అని జవాబు వస్తుంది. తర్వాత అదే పాత్‌తో ఓపెన్‌డిర్ పిలుస్తుంది. ఈ రెండింటి మధ్య కొన్ని మైక్రోసెకన్ల సందు ఉంది. ఆ సందులో ఇంకో ప్రాసెస్ ఆ డైరెక్టరీని పక్కకు జరిపి, అదే పేరుతో /ఈటీసీ వైపు చూపే సిమ్‌లింక్ పెడితే, మన ప్రోగ్రామ్ నిశ్చింతగా /ఈటీసీ లోపలికి దిగి తుడిచేస్తుంది. చూసిన క్షణానికీ వాడిన క్షణానికీ మధ్య ఉండే ఈ సందునే టాక్‌టూ అంటారు.

మీ ప్రోగ్రామ్ రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) నడుస్తూ, మామూలు యూజర్లు రాయగలిగే చోట (ఉదాహరణకు /టీఎంపీ) చెరుపుతుంటే ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే ప్రమాదం కాదు. తన చేతికి అందని ఫైళ్లను మీ చేత్తో చెరిపించడానికి ఆ యూజర్‌కి దారి దొరికినట్టే. మైక్రోసెకన్ల సందు కదా, దొరుకుతుందా అని ఆ కుర్రాడు అడిగాడు. దాడి చేసేవాడికి లక్షసార్లు ప్రయత్నించే ఓపిక ఉంటుంది, పైగా డైరెక్టరీలో లక్ష ఫైళ్లు పెట్టి మీ కోడ్‌ని నెమ్మదింపజేయడం కూడా వాడి చేతిలోనే ఉంది.

ఎంత అనుభవమున్నవాళ్లయినా ఇక్కడ జారారు. రస్ట్ భాష స్టాండర్డ్ లైబ్రరీలోని రిమూవ్_డిర్_ఆల్ ఫంక్షన్‌లో సరిగ్గా ఇదే లోపం ఉండేది. 1.0.0 నుంచి 1.58.0 దాకా ప్రతి వెర్షన్‌లోనూ ఉంది. 2022 జనవరిలో 1.58.1తో సరిచేశారు, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2022-21658 అని నంబరు ఇచ్చారు. గమనించాల్సింది ఏమిటంటే, సిమ్‌లింక్‌లను అనుసరించకూడదనే చెక్ ఆ కోడ్‌లో మొదటినుంచీ ఉంది. చెక్ చేసిన పేరునే నమ్మి మళ్లీ తెరవడమే కొంప ముంచింది.

చేత్తో పట్టుకుని దిగడం

దీనికి మందు పాతదే. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడి ప్రమాణమైన పోజిక్స్ 2008లో ఓపెన్‌యాట్, అన్‌లింక్‌యాట్, ఎఫ్‌స్టాట్‌యాట్ చేరాయి. లినక్స్ కెర్నెల్‌లోకి అంతకుముందే, 2.6.16లో వచ్చాయి. వీటికి పూర్తి పాత్ ఇవ్వం. తెరిచి పట్టుకున్న డైరెక్టరీ ఫైల్ డిస్క్రిప్టర్ ఒకటి, దాని లోపలున్న ఒకే ఒక్క పేరు ఒకటి ఇస్తాం. డిస్క్రిప్టర్ అంటే ఆ గోడ మీద వేసిన చెయ్యి. బయట నంబరు పలక ఎన్నిసార్లు మార్చినా, చెయ్యి ఉన్న గోడ మారదు.

ఒక్కో మెట్టు దిగేటప్పుడు ఓపెన్‌యాట్‌కి మూడు ఫ్లాగులు తప్పనిసరి: ఓ_డైరెక్టరీ, ఓ_నోఫాలో, ఓ_క్లోఎగ్జెక్. మొదటిది డైరెక్టరీ కాకపోతే తెరవొద్దంటుంది. రెండోది ఆ పేరు సిమ్‌లింక్ అయితే తెరవొద్దంటుంది. ఇక్కడొక మెలిక ఉంది: ఓ_నోఫాలో పాత్‌లోని ఆఖరి ముక్కకే పనిచేస్తుంది. "ఏ/బీ/సీ" అని ఇస్తే మధ్యలోని బీ సిమ్‌లింక్ అయినా అది పట్టించుకోదు. అందుకే ఒకసారి ఒక్క పేరే ఇవ్వాలి, పేరులో ఎక్కడా / ఉండకూడదు. మూడోది, మధ్యలో ఎవరైనా ఫోర్క్ చేసి ఇంకో ప్రోగ్రామ్ నడిపితే మన డిస్క్రిప్టర్లు అటు కారిపోకుండా ఆపుతుంది.

ఆ కుర్రాడికి తెల్లబోర్డు మీద రాసింది ఇది:

ఖాళీచేయి(పట్టు):
  మళ్లీ మళ్లీ:
    పట్టులోని పేర్లన్నీ చదువు, "." ".." వదిలెయ్
    పేర్లు లేకపోతే: విజయం
    ప్రతి పేరుకీ:
      అన్‌లింక్‌యాట్(పట్టు, పేరు, 0)
      పోయింది, లేదా "అలాంటిది లేదు" అంటే: తర్వాతి పేరు
      "అది డైరెక్టరీ" అంటే:
        పిల్ల = ఓపెన్‌యాట్(పట్టు, పేరు, మూడు ఫ్లాగులు)
        ఖాళీచేయి(పిల్ల), మూసెయ్(పిల్ల)
        అన్‌లింక్‌యాట్(పట్టు, పేరు, ఏటీ_రిమూవ్‌డిర్)
      ఇంకేదైనా ఎర్రర్: గుర్తుపెట్టుకుని ముందుకెళ్లు
    ఈ విడతలో ఒక్కటీ తొలగకపోతే: ఆగి, మొదటి ఎర్రర్ చెప్పు

ఇందులో "ఇది ఫైలా, డైరెక్టరీయా?" అని ముందుగా అడగడమే లేదు, చూశారా. నేరుగా అన్‌లింక్ చేసి చూస్తాం. ఫైలైతే పోతుంది. సిమ్‌లింక్ అయితే లింక్ మాత్రమే పోతుంది, అది చూపే చోటుకి ఏమీ కాదు. డైరెక్టరీ అయితే లినక్స్ ఈఐఎస్‌డిర్ అంటుంది, మ్యాక్ ఈపెర్మ్ అంటుంది. ఈపెర్మ్‌కి వేరే అర్థాలు కూడా ఉన్నాయి కాబట్టి మ్యాక్‌లో నడిచే కోడ్ అయితే అప్పుడు మాత్రం డైరెక్టరీగా తెరిచి చూసుకోవాలి. కొన్ని పాత యూనిక్స్‌లలో రూట్ యూజర్ డైరెక్టరీని కూడా అన్‌లింక్ చేసేయగలడు, దాంతో ఫైల్ సిస్టమే చెడుతుంది. అలాంటి మెషీన్ మీద కోడ్ నడపాల్సిన అగత్యం మీకుంటే ముందు ఎఫ్‌స్టాట్‌యాట్ చేయక తప్పదు.

డైరెక్టరీలోని పేర్లు చదివే రీడ్‌డిర్ ఇచ్చే డీ_టైప్ (అది ఫైలా, డైరెక్టరీయా అనే సమాచారం) చూస్తే సరిపోదా అనేవాళ్లుంటారు. అది వేగం కోసం వాడుకోదగ్గ సూచన మాత్రమే. కొన్ని ఫైల్ సిస్టమ్‌లు అక్కడ డీటీ_అన్‌నోన్ (తెలియదు) అని ఇస్తాయి. ఆ సంగతి మరిచిపోయిన కోడ్ మీ ల్యాప్‌టాప్‌లో పరుగెడుతుంది, కస్టమర్ మెషీన్‌లో చతికిలపడుతుంది.

అన్‌లింక్ చేస్తే "డైరెక్టరీ" అంది, ఓపెన్‌యాట్ చేస్తే "డైరెక్టరీ కాదు" అంది, ఇదేంటి? మధ్యలో ఎవరో మార్చారన్నమాట. భయపడకండి. పైన రాసినట్టు ఇంకో విడత వేస్తే ఆ సిమ్‌లింక్ అన్‌లింక్ అయిపోతుంది. ఇంత చేసినా చివరి లైన్‌లో ఒక చిన్న సందు మిగులుతుంది: పిల్లని ఖాళీ చేశాక, తొలగించేలోపు అదే పేరుతో వేరే డైరెక్టరీ వచ్చి కూర్చోవచ్చు. కానీ ఏటీ_రిమూవ్‌డిర్ ఖాళీ డైరెక్టరీలనే తీస్తుంది. పోతే ఒక ఖాళీ డైరెక్టరీ పోతుంది. ఆ నష్టంతో నేను సర్దుకుపోతాను.

చిన్న ఉచ్చు ఒకటి. పేర్లు చదవడం కోసం ఎఫ్‌డీఓపెన్‌డిర్‌కి ఇచ్చిన డిస్క్రిప్టర్ ఇక మీది కాదు. క్లోజ్‌డిర్ దాన్ని కూడా మూసేస్తుంది. తర్వాత మీరు మళ్లీ క్లోజ్ చేస్తే, ఈలోగా అదే నంబరు ఇంకో థ్రెడ్ చేతిలో పడి ఉంటే, ఆ థ్రెడ్ ఫైల్‌ని మీరు మూసేస్తారు. ఇలాంటి బగ్ వెతకడానికి నాకు ఒకసారి రెండు వారాలు పట్టింది. విడిగా చేతిలో ఒక డిస్క్రిప్టర్ కావాలంటే ఓపెన్‌యాట్‌తో "." ని మళ్లీ తెరుచుకోండి. డూప్‌తో నకలు తీస్తే చదివే స్థానం రెండింటికీ ఉమ్మడిగా ఉంటుంది, అదింకో తలనొప్పి.

విడతలు ఎందుకంటారా? డైరెక్టరీని చదువుతూ మధ్యలో దాన్నే మారుస్తుంటే, కొత్తగా చేరినవి, తీసినవి రీడ్‌డిర్‌లో కనిపిస్తాయో లేదో పోజిక్స్ హామీ ఇవ్వదు. ఒక్క చుట్టు తిరిగి ఖాళీ అయిందనుకుంటే చివర్లో ఈనాట్‌ఎంప్టీ (డైరెక్టరీ ఖాళీగా లేదు) అనే ఎర్రర్ ఎదురవుతుంది. అలాగని అంతులేకుండా తిరగకూడదు. ఇంకో ప్రాసెస్ మీకు పోటీగా ఫైళ్లు సృష్టిస్తూనే ఉందంటే అది మీరు గెలిచే పందెం కాదు. నేను ఐదు విడతలు పెట్టుకుంటాను, తర్వాత ఎర్రర్ ఇచ్చేస్తాను.

లోతు

రికర్షన్‌తో వచ్చే చిక్కులు రెండు. ఒకటి స్టాక్. రెండోది, దిగిన ప్రతి మెట్టుకీ ఒక డిస్క్రిప్టర్ తెరిచి ఉంటుంది. లినక్స్‌లో ఒక ప్రాసెస్‌కి మామూలుగా ఉండే సాఫ్ట్ లిమిట్ 1024. అంతకన్నా లోతైన చెట్టు ఎవరు చేస్తారు అనకండి. పాత్ పొడవుకి 4096 బైట్ల హద్దు ఉంది కదా అనీ అనకండి, అది ఒక సిస్టమ్ కాల్‌కి ఇచ్చే పాత్‌కే. లోపలికి సీడీ కొట్టుకుంటూ ఒక్కొక్కటే చేసుకుపోతే ఎంత లోతైనా వెళ్లొచ్చు. లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీలోని టీఎంపీఫైల్స్ ప్రోగ్రామ్ ఇలాగే దెబ్బతింది: మామూలు యూజర్ /టీఎంపీలో చాలా లోతైన డైరెక్టరీలు చేసి పెడితే, బూట్ సమయంలో శుభ్రం చేయడానికి వచ్చిన ప్రోగ్రామ్ అదుపులేని రికర్షన్‌తో కూలిపోయేది. దాని నంబరు సీవీఈ-2021-3997.

దీనికి పెద్దలు చెప్పే పద్ధతి: లోతు ఒక హద్దు దాటితే పైమెట్ల డిస్క్రిప్టర్లు మూసేసి, వెనక్కి వచ్చేటప్పుడు ".." తెరిచి, దాని డివైస్ నంబరు, ఐనోడ్ నంబరు (ఫైల్ సిస్టమ్‌లో ఒక్కోదానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ముందు రాసిపెట్టుకున్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడటం. సరిపోకపోతే ఎవరో మధ్యలో కదిపారు, ఆగిపోవాలి. బాగానే ఉంటుంది, కానీ రాయడం పెద్ద తంటా.

నాకు నచ్చిన ఉపాయం వేరు. లోపల డైరెక్టరీ కనిపిస్తే దాంట్లోకి దిగను. రినేమ్‌యాట్‌తో దాన్ని పైకి, అన్నిటికన్నా పై డైరెక్టరీలోకి, కొత్త పేరుతో లాగేస్తాను. అక్కడ వరుసలో దాని వంతు వచ్చినప్పుడు తెరుస్తాను, దాంట్లోని పిల్లల్ని కూడా అలాగే పైకి లాగుతాను. ఎంత లోతైన చెట్టయినా ఒక్క అంతస్తు పెంకుటిల్లు అయిపోతుంది. రికర్షన్ ఉండదు, ఎప్పుడూ రెండు మూడు డిస్క్రిప్టర్లే తెరిచి ఉంటాయి. ఇబ్బందులు లేకపోలేదు: డైరెక్టరీని వేరే తల్లి కిందికి జరపాలంటే ఆ డైరెక్టరీలో కూడా రాసే అనుమతి ఉండాలి, మధ్యలో కరెంట్ పోతే మిగిలినవి ఎక్కడివో పోల్చుకోలేం. ఎలాగూ చెరిపేసేవే కాబట్టి రెండోది నాకు పెద్ద లెక్కలోది కాదు.

మౌంట్లు

నా శుక్రవారం కథకి మందు ఇక్కడుంది. లినక్స్ 5.6 నుంచి ఓపెన్‌యాట్2 అనే సిస్టమ్ కాల్ ఉంది. దానికి రిజాల్వ్_నో_ఎక్స్‌డెవ్ ఫ్లాగ్ ఇస్తే మౌంట్ హద్దు దాటనివ్వదు, బైండ్ మౌంట్ అయినా సరే. దాటబోతే ఈఎక్స్‌డెవ్ అని వెనక్కి పంపుతుంది. రిజాల్వ్_నో_సిమ్‌లింక్స్ అని ఇంకోటి ఇస్తే దారిలో ఏ ముక్క సిమ్‌లింక్ అయినా ఒప్పుకోదు, ఓ_నోఫాలోలోని ఆఖరి ముక్క మెలిక కూడా తీరిపోతుంది. కెర్నెల్ పాతదైతే ఈనోసిస్ (ఆ సిస్టమ్ కాల్ లేదు) వస్తుంది. అప్పుడు నిశ్శబ్దంగా పాత దారికి మళ్లకండి. /ప్రాక్/సెల్ఫ్/మౌంట్‌ఇన్ఫో చదివి, చెరపబోయే డైరెక్టరీ కింద ఏదైనా మౌంట్ ఉంటే పని మానేసి గట్టిగా అరవండి.

మౌంట్ పాయింట్‌ని తీసేయబోతే కెర్నెలే ఈబిజీ (వాడకంలో ఉంది) అంటుంది కదా అని నేను అప్పట్లో ధీమాగా ఉండేదాన్ని. అంటుంది. కానీ అది చివర్లో, లోపలున్నవన్నీ పోయాక.

మౌంట్ల కింద ఉండేవి ఎప్పుడూ ఫైళ్లే అనుకోకూడదు. 2016లో కొందరు లినక్స్ మెషీన్‌ని రూట్ నుంచి మొత్తం తుడిచినప్పుడు, /సిస్ కింద మౌంట్ అయి ఉన్న ఈఎఫ్ఐ వేరియబుల్స్ (మెషీన్ ఆన్ అవడానికి మదర్‌బోర్డు దాచుకునే సెట్టింగులు) కూడా ఫైళ్లలాగే చెరిగిపోయి, కొన్ని ల్యాప్‌టాప్‌లు అసలు ఆన్ కాకుండా పోయాయి. డిస్క్ మార్చినా లేవలేదు, ఎందుకంటే పోయింది మదర్‌బోర్డు జ్ఞాపకం. ఆ తర్వాత కెర్నెల్ 4.5లో ఆ వేరియబుల్స్‌లో చాలావాటిని మామూలుగా చెరపడానికి వీల్లేకుండా చేశారు.

ఏది చెరపాలో తేల్చుకోవడం

నిజానికి ఎక్కువ ఇళ్లు కూలింది ఆ మైక్రోసెకన్ల సందు వల్ల కాదు, చీటీలోనే తప్పు నంబరు రాయడం వల్ల. 2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో /యూఎస్ఆర్ తర్వాత ఒక ఖాళీ జాగా పడింది. షెల్ దాన్ని రెండు పాత్‌లుగా చదువుకుని మొత్తం /యూఎస్ఆర్ తుడిచేసింది. 2015లో స్టీమ్ (గేమ్‌ల ప్రోగ్రామ్) లినక్స్ స్క్రిప్ట్‌లో ఒక వేరియబుల్ ఖాళీగా ఉండిపోయి, దాని వెనకున్న "/*" మాత్రమే మిగిలింది. యూజర్ చేతికి అందిన ఫైళ్లన్నీ పోయాయి. ఫైళ్లు చెరిపే ఆర్ఎం కమాండ్‌లో / ని చెరపకుండా ఆపే ప్రిజర్వ్-రూట్ ఉందిగా అంటారేమో. అది "/" అని ఇస్తేనే ఆపుతుంది. "/*" ని షెల్ ముందే విడగొట్టి /బిన్, /హోమ్ అంటూ వరసగా పేర్లు ఇస్తుంది, వాటిని ఆపడానికి ఎవరూ లేరు.

కోడ్‌లో నేను పెట్టుకునే ఏర్పాటు ఇది. డైరెక్టరీని సృష్టించేటప్పుడే నా ప్రోగ్రామ్ అందులో ఒక చిన్న గుర్తు ఫైల్ పెడుతుంది, లోపల ఆ పనికి సంబంధించిన ఐడీ ఉంటుంది. చెరిపే ఫంక్షన్ డైరెక్టరీని తెరిచి పట్టుకున్నాక, ఆ పట్టు ద్వారానే గుర్తు ఫైల్ చదివి ఐడీ సరిపోతేనే ముందుకెళ్తుంది. గుర్తు లేదంటే అది నేను కట్టిన ఇల్లు కాదు, ముట్టుకోను. ఖాళీ స్ట్రింగ్, "/", ".." ఇవన్నీ విడివిడిగా చెక్ చేస్తూ కూర్చునే జాబితా కన్నా ఈ ఒక్కటీ ఎక్కువ పనికొచ్చింది. గుర్తు ఫైల్‌ని మాత్రం అన్నిటికన్నా చివర చెరపండి. మధ్యలో ఆగిపోతే రెండోసారి నడిపినప్పుడు అది ఉండాలి కదా.

దానికి ముందు ఇంకో మెట్టు: చెరపబోయే డైరెక్టరీని అదే ఫైల్ సిస్టమ్‌లోని చెత్తబుట్ట డైరెక్టరీలోకి రినేమ్ చేయండి. ఆ బుట్టలో మీ ప్రోగ్రామ్ తప్ప ఎవరూ రాయకూడదు, అనుమతి 0700. రినేమ్ ఒక్క దెబ్బలో జరుగుతుంది. బయటివాళ్లకి డైరెక్టరీ ఉన్నట్టా, సగం పోయినట్టా అనే సందిగ్ధం ఉండదు. పాత పేరు వెంటనే ఖాళీ అవుతుంది, అసలు చెరపడం తీరిగ్గా చేసుకోవచ్చు. మా సర్వర్‌లో ఆ బుట్టని ఒక గంట అలాగే ఉంచుతాం. ఆ గంట ఇప్పటికి రెండుసార్లు మమ్మల్ని కాపాడింది.

ఎర్రర్లు, పేర్లు

ఈనోఎంట్ (అలాంటిది లేదు) వస్తే అది విజయమే, ఎవరో మనకన్నా ముందు చెరిపారు. ఈయాక్సెస్ (అనుమతి లేదు) వస్తే ఫైల్ అనుమతుల వైపు చూడకండి. ఫైల్‌ని తీయాలంటే అది ఉన్న డైరెక్టరీలో రాసే అనుమతి కావాలి. గో భాష మాడ్యూల్ క్యాష్ మామూలు ఆర్ఎంతో పోక మొండికేసేది ఇందుకే, అక్కడ డైరెక్టరీలే రీడ్-ఓన్లీగా ఉంటాయి. అలాగని కోడ్‌లో గుడ్డిగా సీహెచ్‌మాడ్‌తో అనుమతులు మార్చేయకండి. ఎవరో కావాలనే తాళం వేసుకుని ఉండొచ్చు. ఎర్రర్ చెప్పండి, నిర్ణయం పిలిచినవాళ్లకి వదిలేయండి.

పేర్ల గురించి మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. లినక్స్‌లో ఫైల్ పేరు అంటే బైట్ల వరుస, అక్షరాలు కాదు. ఒక పేరుకి హద్దు 255 బైట్లు. తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తింటుంది, అంటే 85 దాటి పట్టవు. "తెలుగు" అనే మాటే గుణింతాలతో కలిపి 18 బైట్లు. ఇంకా ఉంది. ఐత్వం గుర్తుని యూనికోడ్‌లో ఒకే కోడ్‌పాయింట్‌గానూ రాయొచ్చు, ఎత్వం గుర్తు, ఐత్వపు తోక అని రెండుగానూ రాయొచ్చు. తెర మీద "కైలాసం" రెండూ ఒకేలా కనిపిస్తాయి, మామూలు లినక్స్ ఫైల్ సిస్టమ్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. కాబట్టి రీడ్‌డిర్ ఇచ్చిన పేరుని నార్మలైజ్ చేయకండి (రెండు రూపాల్నీ ఒకటి చేయకండి), స్ట్రింగ్‌లోకి మార్చి మళ్లీ బైట్లలోకి తేకండి. ఎలా వచ్చిందో అలాగే అన్‌లింక్‌యాట్‌కి అప్పగించండి. లాగ్‌లో రాసేటప్పుడు మాత్రం వింత బైట్లని తప్పించి రాయండి, పేరులో కొత్త లైన్ క్యారెక్టర్ కూడా ఉండొచ్చు.

లైబ్రరీ ఉంటే అదే వాడండి

ఇదంతా చదివి సొంతంగా రాయాలని సరదా పడకండి. గో భాషలో రిమూవ్‌ఆల్ 1.12 నుంచి అన్‌లింక్‌యాట్ దారిలోనే పనిచేస్తోంది. 1.25లో వచ్చిన రూట్.రిమూవ్‌ఆల్ ఒక డైరెక్టరీ దాటి బయటికి వెళ్లకుండా కూడా చూస్తుంది. పైథాన్‌లో ఆర్ఎంట్రీ ఫంక్షన్‌కి అవాయిడ్స్_సిమ్‌లింక్_ఎటాక్స్ అనే గుర్తు ఉంది, మీ ప్లాట్‌ఫామ్‌లో అది నిజమో అబద్ధమో చూసుకోండి. రస్ట్ అయితే 1.58.1 గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి. సీ++ ప్రమాణం మాత్రం ఇంకో ప్రాసెస్ అదే సమయంలో ఫైళ్లు కదిపితే ఏం జరుగుతుందో తాను చెప్పలేనని చేతులెత్తేస్తుంది, కాబట్టి రూట్‌గా నడిచే కోడ్‌లో రిమూవ్_ఆల్‌ని నేను వాడను. వీటిలో ఏదీ మీ మౌంట్ల సంగతి మాత్రం చూడదు, అది మీ పని.

విండోస్ గురించి నాకున్న అనుభవం తక్కువ, ఒక్కటే చెప్తాను. అక్కడ సిమ్‌లింక్‌లతోపాటు జంక్షన్‌లు (ఇంకో డైరెక్టరీ వైపు చూపేవి) కూడా ఉంటాయి, వాటిలోకి దిగకూడదు. ఎవరో తెరిచి ఉంచిన ఫైల్‌ని చెరిపితే వాళ్లు మూసేదాకా పేరు అక్కడే వేలాడి, డైరెక్టరీ ఖాళీ కాలేదనే ఎర్రర్ రావచ్చు. కాసేపాగి మళ్లీ ప్రయత్నించడమే దారి.

పరీక్ష

కుర్రాడికి నేనిచ్చిన పరీక్షలు ఇవి. ఐదువేల మెట్ల లోతున్న చెట్టు. బయటి డైరెక్టరీని చూపే సిమ్‌లింక్, తనను తానే చూపే సిమ్‌లింక్. యూటీఎఫ్-8 కాని పేరు, "కైలాసం" రెండు రకాలుగా. ఒకే పార్టిషన్‌లోని బైండ్ మౌంట్. ఆఖరిది అసలైనది: ఒక ప్రాసెస్ రినేమ్‌యాట్2 లోని రినేమ్_ఎక్స్ఛేంజ్ ఫ్లాగ్‌తో డైరెక్టరీనీ సిమ్‌లింక్‌నీ ఆపకుండా తారుమారు చేస్తుంటుంది, ఇంకో ప్రాసెస్ చెరుపుతుంటుంది. లింక్ చూపే చోట ఒక బలిపశువు ఫైల్ ఉంటుంది. అది పోయిందంటే కోడ్ ఫెయిల్. ఇవన్నీ పారేసే వర్చువల్ మెషీన్‌లోనే చేయండి, ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో వద్దు.

అతని పాతిక లైన్ల కోడ్‌లో ఆ బలిపశువు నాలుగు సెకన్లు కూడా బతకలేదు. కొత్తదాన్ని ఆ రాత్రి నడిపించి ఇంటికి వెళ్లాడు. పొద్దున వచ్చేసరికి ఫైల్ భద్రంగా ఉంది, డిస్క్ మాత్రం నిండిపోయి ఉంది. ప్రతి ప్రయత్నానికీ లాగ్‌లో ఒక లైన్ రాస్తున్నాడు. అది పన్నెండో కామెంట్.